పొరుగు విద్యాసంస్థల పొత్తు: సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ సభ్యత్వ చరిత్ర, 1914–1996

అమెరికాలో విశ్వవిద్యాలయాల క్రీడలను మొదట క్రమబద్ధం చేసింది ప్రభుత్వం కాదు, జాతీయ స్థాయి సంస్థ కూడా కాదు. ఒక ప్రాంతంలోని కొన్ని విద్యాసంస్థలు తమంతట తామే కూడి, ఏటా ఎవరితో ఎవరు ఆడాలో, ఎవరిని విద్యార్థిగా పరిగణించి మైదానంలోకి దించవచ్చో, ఆట మీద వచ్చిన రాబడిని ఏ పద్ధతిన పంచుకోవాలో నిర్ణయించుకోవడానికి ఏర్పరచుకున్న ఒప్పంద సంఘాలే ఆ పని చేశాయి. వీటినే అక్కడ కాన్ఫరెన్సులు అంటారు. కాన్ఫరెన్సులో చేరడం ఎంత స్వచ్ఛందమో వైదొలగడమూ అంతే స్వచ్ఛందం కనుక, ఒక కాన్ఫరెన్సు సభ్యుల జాబితా ఏయే సంవత్సరాల్లో ఎలా మారిందో పరిశీలిస్తే, ఆ ప్రాంతంలోని విద్యాసంస్థలు ఒకదాన్నొకటి ఎప్పుడు సమానంగా చూశాయో, ఎప్పుడు బరువుగా భావించాయో, ఎవరిని అసలు గుమ్మం దగ్గరికే రానివ్వలేదో తెలుస్తుంది. టెక్సాస్ రాష్ట్రం కేంద్రంగా 1914లో పుట్టి 1996లో అంతరించిన సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్సు అటువంటి పరిశీలనకు మిక్కిలి అనువైనది. ఎనిమిది దశాబ్దాల పాటు దాన్ని నిలిపినది పొరుగుతనం. ఆ పొరుగుతనానికి డబ్బులో విలువ కట్టే రోజు వచ్చినప్పుడు అది నిలవలేకపోయింది.

భారతీయ పాఠకుడికి ఇక్కడ ఒక భేదం చెప్పుకోవాలి. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల జట్లు అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో దక్షిణ మండలంలో ఆడతాయంటే, ఆ మండలాన్ని అవి ఎంచుకున్నాయని కాదు. భారత విశ్వవిద్యాలయాల సంఘం దేశాన్ని మండలాలుగా విభజించి పోటీలు నడుపుతుంది కనుక, విశ్వవిద్యాలయం ఉన్న చోటే దాని మండలాన్ని నిర్ణయిస్తుంది. అమెరికాలో అలా కాదు. అక్కడ ఎవరి సరసన కూర్చోవాలన్నది ప్రతి సంస్థా తానే తేల్చుకోవలసిన విషయం. అందువల్ల సభ్యత్వం క్రీడా వ్యవహారంగా మొదలైనా ప్రతిష్ఠకు, రాజకీయానికి, ఆదాయానికి సంబంధించిన వ్యవహారంగా మారడానికి ఎంతో కాలం పట్టలేదు.

పందొమ్మిదో శతాబ్ది చివరి నాటికి అమెరికన్ ఫుట్‌బాల్ కళాశాలల్లో విపరీతమైన ఆదరణ పొందింది. బంతిని చేతుల్లో పట్టుకుని ఎదుటివారిని తోసుకుంటూ ముందుకు సాగే ఈ ఆట, కాలితో తన్ని ఆడే ఫుట్‌బాల్‌కు పూర్తిగా భిన్నమైనది. జనం పెరిగిన కొద్దీ గెలుపు మీద యావ పెరిగింది. తరగతి గదిలో ఎన్నడూ కనిపించనివారిని, కూలి ఇచ్చి తెచ్చుకున్న దృఢకాయులను, ఒక ఏడాది ఒక కళాశాలకు మరుసటి ఏడాది దాని ప్రత్యర్థికి ఆడే సంచార ఆటగాళ్లను జట్లలో నింపడం మామూలైపోయింది. దీన్ని అరికట్టడానికే 1894లో దక్షిణ రాష్ట్రాల కళాశాలలు ఒక సంఘంగా ఏర్పడ్డాయి; 1896లో చికాగోలో ఏడు విశ్వవిద్యాలయాలు వెస్టర్న్ కాన్ఫరెన్సును నెలకొల్పాయి, అదే తరువాత బిగ్ టెన్ అనే పేరుతో ప్రసిద్ధమైంది. ఆటలో మరణాలు, తీవ్ర గాయాలు దేశాన్ని కలవరపెట్టగా 1905లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ప్రముఖ విశ్వవిద్యాలయాల ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించాడు. మరుసటి ఏడాది జాతీయ స్థాయిలో ఏర్పడిన సంఘం 1910 నుండి నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్, అంటే ఎన్‌సీఏఏ, అనే పేరుతో కొనసాగుతున్నది. అయితే నియమాలను నిజంగా అమలు పరచే శక్తి చాలా కాలం పాటు ఆ జాతీయ సంఘానికి లేదు. దండించగల బలం కాన్ఫరెన్సుకే ఉండేది, ఎందుకంటే తప్పు చేసిన సంస్థతో ఆడబోమని పొరుగువారు నిరాకరిస్తే దానికి ఆటే ఉండదు.

టెక్సాస్ విశ్వవిద్యాలయపు క్రీడా సంచాలకుడు ఎల్. థియో బెల్మాంట్ చొరవతో 1914 మే నెలలో డాలస్ నగరంలో సన్నాహక సమావేశం జరిగింది. అదే ఏడాది డిసెంబరులో హ్యూస్టన్‌లో కాన్ఫరెన్సు లాంఛనంగా ఏర్పడింది. స్థాపక సభ్యులు ఎనిమిది: ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం; వ్యవసాయ, యాంత్రిక విద్యల కోసం 1876లో తెరచిన టెక్సాస్ ఏ అండ్ ఎం కళాశాల; వేకో పట్టణంలోని బాప్టిస్టుల విశ్వవిద్యాలయం బేలర్; హ్యూస్టన్‌లో 1912లోనే తలుపులు తెరచిన రైస్; జార్జ్‌టౌన్‌లోని మెథడిస్టు సంస్థ సౌత్‌వెస్టర్న్; పొరుగు రాష్ట్రాల నుండి ఆర్కన్సా, ఓక్లహోమా విశ్వవిద్యాలయాలు, ఓక్లహోమా ఏ అండ్ ఎం కళాశాల. రాష్ట్ర ప్రభుత్వ సంస్థలూ క్రైస్తవ శాఖల సంస్థలూ, వేల మంది చదివేవీ కొద్ది వందల మంది చదివేవీ ఒకే ఓటు హక్కుతో కూర్చున్న ఈ కూర్పు కాన్ఫరెన్సుకు మొదటి నుండీ ఒక గౌరవం, ఒక బలహీనత కూడా. తొలి ఫుట్‌బాల్ పోటీలు 1915లో జరిగాయి. ఆ తొలి ఏడాదే బేలర్ అర్హత లేని ఆటగాణ్ణి బరిలోకి దింపినందుకు తన టైటిల్‌ను వదులుకోవలసి వచ్చింది. ఏ రోగాన్ని మాన్పడానికి ఈ సంఘం పుట్టిందో ఆ రోగం దానితో పాటే పుట్టిందన్నమాట.

మొదటి పదేళ్లలో సభ్యత్వం స్థిరపడలేదు. సౌత్‌వెస్టర్న్ తన తాహతుకు మించిన పోటీని తట్టుకోలేక రెండు మూడేళ్లలోనే తప్పుకుంది. రైస్ కొద్ది కాలం దూరమై 1918లో తిరిగి వచ్చింది. అదే ఏడాది డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయం, సంక్షిప్తంగా ఎస్‌ఎంయూ, చేరింది. ఓక్లహోమా విశ్వవిద్యాలయం 1919లో, ఓక్లహోమా ఏ అండ్ ఎం 1925లో ఉత్తరాన ఉన్న మిస్సోరి వ్యాలీ కాన్ఫరెన్సుకు తరలిపోయాయి. ఓక్లహోమాలోని ఫిలిప్స్ విశ్వవిద్యాలయం 1920లో ఒక్క ఏడాది మాత్రం సభ్యత్వం అనుభవించింది. ఫోర్ట్‌వర్త్‌లోని టెక్సాస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం, అనగా టీసీయూ, 1923లో ప్రవేశించింది. ఈ రాకపోకలు ముగిసేసరికి మిగిలినవి ఏడు సంస్థలు: టెక్సాస్, టెక్సాస్ ఏ అండ్ ఎం, బేలర్, రైస్, ఎస్‌ఎంయూ, టీసీయూ, ఆర్కన్సా. ఆ ఏడింటిలో ఆరు ఒకే రాష్ట్రానివి. ఈ ఏడే మూడు దశాబ్దాలకు పైగా మారకుండా నిలిచాయి.

ఆ నిలకడకు భూగోళమే ఆధారం. డాలస్, ఫోర్ట్‌వర్త్, వేకో, ఆస్టిన్ ఇంచుమించు ఒకే దారి మీది ఊళ్లు; డాలస్ నుండి ఆస్టిన్ 320 కిలోమీటర్లకు మించదు, మధ్యలో వేకో తగులుతుంది. జట్టుతో పాటు విద్యార్థులూ, వాద్యబృందమూ, ఊరి పెద్దలూ రైలెక్కి పొరుగు పట్టణానికి వెళ్లి శనివారం ఆట చూసి తిరిగి రాగలిగేవారు. ఆ రోజుల్లో రాబడి అంటే టికెట్ల మీద వచ్చేదే, టికెట్లు కొనేది రైలు దూరంలో ఉన్న జనమే. అందుచేత చిన్న సంస్థ కూడా పెద్ద సంస్థకు అక్కరకు వచ్చేది. కాన్ఫరెన్సు స్థాయి కూడా తక్కువేమీ కాదు. ఎస్‌ఎంయూ, టీసీయూ, టెక్సాస్ ఏ అండ్ ఎం 1930లలో జాతీయ విజేతలుగా పేరు పొందాయి; టీసీయూకు చెందిన డేవీ ఓబ్రయన్ 1938లోనూ, ఎస్‌ఎంయూకు చెందిన డోక్ వాకర్ 1948లోనూ దేశంలో ఉత్తమ కళాశాల ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీని అందుకున్నారు. డాలస్‌లో చమురు వ్యాపారి జె. కర్టిస్ శాన్‌ఫర్డ్ 1937 జనవరి 1న ఆరంభించిన కాటన్ బౌల్ అనే నూతన సంవత్సరపు ఆహ్వాన పోటీకి, 1941 నుండి సౌత్‌వెస్ట్ విజేతే ఆతిథ్య జట్టుగా ఆడే ఏర్పాటు కుదిరింది. ప్రాంతీయ విజేత అన్న మాటకు ఒక వేదిక, ఒక తేదీ, ఒక పండుగ దొరికాయి.

అయితే ఈ పొరుగుతనానికి గీసిన గీత ఎక్కడ ఆగిందో చెప్పకపోతే ఈ చరిత్ర అబద్ధమవుతుంది. నల్లజాతివారి కోసం విడిగా ఏర్పడిన కళాశాలలు టెక్సాస్‌లో అనేకం ఉండేవి. వాటిలో ఆరు, అనగా ప్రెయిరీ వ్యూ, బిషప్, పాల్ క్విన్, శామ్ హ్యూస్టన్ కళాశాల, టెక్సాస్ కాలేజ్, వైలీ, 1920లో తమకంటూ ఒక కాన్ఫరెన్సును నెలకొల్పుకున్నాయి. దాని పేరు సౌత్‌వెస్టర్న్ అథ్లెటిక్ కాన్ఫరెన్సు. ఒకే నైరుతి ప్రాంతం, దాదాపు ఒకే పేరు, ఒకే ఆట, అవే రైలు మార్గాలు. కాని రెండు సంఘాల మధ్య మ్యాచ్ అన్న మాటే లేదు. ప్రెయిరీ వ్యూ విషయం ముఖ్యంగా గమనించదగ్గది. అది టెక్సాస్ ఏ అండ్ ఎం వ్యవస్థలోనే భాగమైన ప్రభుత్వ సంస్థ, రెండింటి పాలకమండలి ఒక్కటే, రెండింటినీ పోషించేది ఒకే రాష్ట్ర ఖజానా. అయినా ఏ అండ్ ఎం జట్టు ఆర్కన్సా కొండల దాకా వెళ్లి ఆడేది గాని తన సోదర సంస్థతో ఆడేది కాదు. పొరుగు అంటే దూరాన్ని బట్టి నిర్ణయమయ్యే సంగతి కాదని, ఎవరిని పొరుగువారుగా ఒప్పుకున్నారన్నదే అసలు ప్రమాణమని దీన్ని మించి చెప్పే సాక్ష్యం మరొకటి దొరకదు. ఆ రెండో కాన్ఫరెన్సు సభ్యత్వం కూడా కాలంతో మారింది: లూసియానా నుండి సదరన్ విశ్వవిద్యాలయం 1934లో, హ్యూస్టన్ నుండి టెక్సాస్ సదరన్ 1954లో, లూసియానాలోని గ్రాంబ్లింగ్, మిసిసిపీలోని జాక్సన్ స్టేట్ 1958లో చేరాయి, స్థాపక సంస్థల్లో నేటికీ మిగిలినది ప్రెయిరీ వ్యూ ఒక్కటే. గొప్ప స్టేడియాలు, సంపన్న పూర్వ విద్యార్థులు ఉన్న సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్సు అంతరించింది. ఆ తలుపు దాటి రానివ్వని కళాశాలలు కట్టుకున్న సంఘం వందేళ్లు దాటి నేటికీ జీవించి ఉంది. అమెరికా కళాశాల క్రీడా చరిత్రలు మొదటిదాని పతనానికి ఇచ్చినంత చోటు రెండోదాని మన్నికకు ఇవ్వకపోవడం విచారకరం.

సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్సులో జాతి అడ్డుగోడ 1966లో గాని కూలలేదు. ఆ సెప్టెంబరులో బేలర్ తరఫున జాన్ హిల్ వెస్ట్‌బ్రుక్, వారం తరువాత ఎస్‌ఎంయూ తరఫున జెర్రీ లెవాయస్ మైదానంలో దిగారు. కాన్ఫరెన్సులో ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ పొందిన తొలి నల్లజాతి విద్యార్థి లెవాయస్. బోమాంట్ పట్టణం నుండి వచ్చిన ఈ యువకుడిని శిక్షకుడు హేడెన్ ఫ్రై ఏరికోరి తెచ్చుకున్నాడు. అతడు బెదిరింపులను, అవమానాలను, ప్రత్యర్థుల ద్వేషాన్ని మూడు సీజన్ల పాటు భరించాడు. అతడు ఆడిన తొలి ఏడాదే ఎస్‌ఎంయూ 1948 తరువాత మళ్లీ కాన్ఫరెన్సు విజేత అయింది. టెక్సాస్ విశ్వవిద్యాలయం మాత్రం 1969లో కూడా ఒక్క నల్లజాతి ఆటగాడు లేని జట్టుతోనే జాతీయ విజేత అనిపించుకుంది. ఆ ఏడాది డిసెంబరు 6న ఫేయెట్‌విల్ నగరంలో అధ్యక్షుడు నిక్సన్ సమక్షంలో టెక్సాస్ 15–14 స్కోరుతో ఆర్కన్సాను ఓడించిన ఆటను కాన్ఫరెన్సు చరిత్రకు పతాకఘట్టంగా చెబుతారు. అది నిజమే కాని, తెల్లవారు మాత్రమే బరిలోకి దిగిన ఆఖరి గొప్ప ఆటల్లో అది ఒకటన్న సంగతి కూడా అంతే నిజం.

ఈలోగా సభ్యత్వం రెండు మార్లు పెరిగింది. పశ్చిమ టెక్సాస్‌లోని లబ్బక్ నగరంలో 1923లో స్థాపితమైన టెక్సాస్ టెక్ అనేక సంవత్సరాలు తలుపు తట్టి చివరకు 1956లో ప్రవేశం పొందింది. ఫుట్‌బాల్ టైటిల్ కోసం పోటీ పడడానికి 1960 దాకా ఆగవలసి వచ్చింది. ఈ జాప్యానికి దూరాన్ని ఒక కారణంగా చెప్పేవారు గాని, పశ్చిమ టెక్సాస్ ప్రజలు దీన్ని తమ ప్రాంతానికి జరిగిన చిన్నచూపుగా భావించారు, ఆ భావనలో న్యాయం లేకపోలేదు. హ్యూస్టన్ విశ్వవిద్యాలయానికి 1971లో సభ్యత్వం లభించింది. ఫుట్‌బాల్‌లో అది 1976లో అడుగుపెట్టి ఆ ఏడాదే టెక్సాస్ టెక్‌తో కలిసి టైటిల్ పంచుకుంది. హకీమ్ ఒలాజువాన్, క్లైడ్ డ్రెక్స్‌లర్ వంటివారున్న హ్యూస్టన్ బాస్కెట్‌బాల్ జట్టు 1982, 1983, 1984 సంవత్సరాల్లో వరుసగా జాతీయ సెమీఫైనల్స్‌కు చేరింది. మహిళల క్రీడలు 1982–83 నుండి కాన్ఫరెన్సు పరిధిలోకి వచ్చాయి. జోడీ కాన్రాడ్ట్ శిక్షణలో టెక్సాస్ మహిళల బాస్కెట్‌బాల్ జట్టు 1986లో ఆడిన 34 ఆటలూ గెలిచి జాతీయ విజేత అయింది. టెక్సాస్ టెక్‌కు చెందిన షెరిల్ స్వూప్స్ 1993 ఫైనల్‌లో 47 పాయింట్లు సాధించింది. ఫుట్‌బాల్ కుప్పకూలుతున్న కాలంలోనే మహిళల క్రీడలు ఈ సంఘానికి ఇంత కీర్తి తెచ్చాయని గుర్తు చేసుకునేవారు తక్కువ.

పైకి వైభవంగా కనిపించిన ఈ కాలంలోనే లోపల బలం తరిగింది. డాలస్‌లోనూ హ్యూస్టన్‌లోనూ 1960లో వృత్తి క్రీడా జట్లు వెలిశాయి. శనివారం కళాశాల ఆటకు వచ్చే నగరవాసి ఆదివారం వృత్తి జట్టు వైపు మళ్లాడు. ఈ దెబ్బ తగిలింది నగరాల్లో ఉన్న ప్రైవేటు సంస్థలకే. రైస్ 1950లో 70,000 మంది కూర్చునే స్టేడియం నిర్మించుకుంది. దాని విద్యార్థులందరూ వచ్చినా అందులో ఒక మూల కూడా నిండదు. అధ్యక్షుడు కెనెడీ 1962 సెప్టెంబరు 12న చంద్రయానం గురించి ప్రసంగించినది ఆ స్టేడియంలోనే. చంద్రుడి మీదకు వెళ్లడమెందుకని అడిగేవారికి జవాబు చెబుతూ, రైస్ టెక్సాస్‌తో ఎందుకు ఆడుతుందన్న ప్రశ్నను కూడా ఆయన ఆ వరుసలో చేర్చాడు. గెలుపు దుర్లభమని తెలిసీ ఆడడంలో ఒక హుందాతనం ఉందని శ్రోతలందరికీ తెలుసు కనుకనే ఆ మాటకు స్పందన వచ్చింది. అయితే ఆ అసమానత ఏటేటా పెరిగి, ఒక దశ దాటాక హుందాతనంతో నెట్టుకురాగలిగేది కాకుండా పోయింది. కాన్ఫరెన్సు ఉన్నన్నాళ్లలో టెక్సాస్ గెలుచుకున్న ఫుట్‌బాల్ టైటిళ్లు, పంచుకున్నవాటితో కలిపి, 27.

అసలు మలుపు టెలివిజన్‌తో వచ్చింది. ప్రసారాల వల్ల స్టేడియంలో టికెట్లు అమ్ముడుపోవన్న భయంతో ఎన్‌సీఏఏ 1950ల ఆరంభం నుండి ప్రసార హక్కులను తన గుప్పిట్లో ఉంచుకుని, వారానికి ఏ కొన్ని ఆటలు చూపాలో, ఒక జట్టు ఎన్ని మార్లు తెర మీద కనిపించాలో తానే నిర్ణయించేది. పెద్ద జట్ల మీద ఈ పరిమితి ఉన్నందున చిన్న జట్లకూ అప్పుడప్పుడు అవకాశం, కొంత రాబడి దక్కేవి. దీన్ని సవాలు చేస్తూ ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాల పక్షాన వేసిన వ్యాజ్యంలో 1984 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు, ఎన్‌సీఏఏ ప్రణాళిక గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని 7–2 మెజారిటీతో తీర్పు చెప్పింది. జస్టిస్ స్టీవెన్స్ రాసిన ఆ తీర్పుతో విభేదించిన ఇద్దరిలో ఒకరు జస్టిస్ బైరన్ వైట్. ఆయన స్వయంగా కొలరాడో విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ తార. కళాశాల ఆటను కేవలం వ్యాపారంగా చూడడం తగదని, విద్యాసంబంధమైన ప్రయోజనాలను లెక్కలోకి తీసుకోవాలని ఆయన వాదించాడు. చట్టం రీత్యా మెజారిటీ తీర్పు సబబే కావచ్చు. పరిణామాలను ముందుగా పసిగట్టినవాడు మాత్రం వైట్. చెరువు కింద ఆయకట్టులో ఎగువ రైతూ దిగువ రైతూ వంతుల ప్రకారం నీరు పెట్టుకున్నంత కాలం తగాదాలు ఉన్నా పొత్తు నిలుస్తుంది. పెద్ద రైతు సొంత బోరు వేసుకున్న నాటి నుండి చెరువు గట్టు ఎవరికీ పట్టదు. తీర్పు తరువాత ప్రతి పెద్ద విశ్వవిద్యాలయానికీ తన ప్రేక్షకుల విలువ ఎంతో తెలిసింది, దాన్ని ఎవరితో ఎందుకు పంచుకోవాలన్న ప్రశ్న పుట్టింది.

అదే దశకంలో కాన్ఫరెన్సు పరువు కూడా మంటగలిసింది. చిన్న ప్రైవేటు సంస్థ అయిన ఎస్‌ఎంయూ ఎరిక్ డికర్సన్, క్రెయిగ్ జేమ్స్ ఉన్న జట్టుతో 1981, 1982 టైటిళ్లు గెలిచింది. ఆ విజయాల వెనుక సంపన్న అభిమానుల డబ్బు ఉందన్న అనుమానాలు త్వరలోనే రుజువయ్యాయి. అక్కడి పరిభాషలో బూస్టర్లు అనబడే ఈ అభిమానులు విశ్వవిద్యాలయానికి చెందనివారైనా జట్టు కోసం విరాళాలిచ్చి, ఆటగాళ్ల ఎంపికలో తలదూర్చేవారు. 1985లో విధించిన పరిశీలన శిక్ష అమలులో ఉండగానే 13 మంది ఆటగాళ్లకు సుమారు 61,000 డాలర్లు రహస్యంగా చెల్లించినట్లు తేలడంతో, 1987 ఫిబ్రవరి 25న ఎన్‌సీఏఏ, ఎస్‌ఎంయూ ఆ ఏడాది ఆడవలసిన ఫుట్‌బాల్ సీజన్ మొత్తాన్ని రద్దు చేసింది. పెద్ద స్థాయి ఫుట్‌బాల్‌లో మునుపెన్నడూ విధించని ఈ దండనకు మరణశిక్ష అన్న పేరు పడింది. 1988లో సొంత మైదానంలో ఆడరాదన్న ఆంక్షల నడుమ ఆ సీజన్‌ను విశ్వవిద్యాలయమే వదులుకుంది. శిక్ష ప్రకటించిన కొన్నాళ్లకే రాష్ట్ర గవర్నర్ బిల్ క్లెమెంట్స్, తాను ఆ విశ్వవిద్యాలయ పాలకవర్గానికి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఆ చెల్లింపులు కొనసాగడానికి సమ్మతించినట్లు అంగీకరించాడు. తప్పు ఒక్క ఎస్‌ఎంయూదే కాదు. ఆ దశకంలో పలు సభ్య సంస్థలు శిక్షలకు గురయ్యాయి. ఒకే రాష్ట్రంలో, ఒకే హైస్కూలు ఆటగాళ్ల కోసం ఎనిమిది సంస్థలు పోటీ పడుతూ, ఒకరి తప్పులను మరొకరు నివేదించుకుంటూ ఉండడంతో పొరుగుతనమే పగగా పరిణమించింది. తమలో తప్పు చేసినవారిని దండించడానికి ఏర్పడిన సంఘం ఆ పని తాను చేయలేక, బయటి నుండి శిక్ష పడేదాకా చూస్తూ ఉండిపోయింది. ఆర్థిక కారణాలను మాత్రమే చెప్పి ఈ నైతిక వైఫల్యాన్ని దాటవేసే చరిత్ర రచన అసంపూర్ణమైనది.

ఆర్కన్సా నిష్క్రమణ 1990 ఆగస్టు 1న ప్రకటితమైంది. టెక్సాస్‌కు వెలుపల ఉన్న ఏకైక సభ్యుడిగా ఆ విశ్వవిద్యాలయం ఎప్పుడూ కొంత పరాయితనం అనుభవించేది. దాని క్రీడా సంచాలకుడు ఫ్రాంక్ బ్రాయిల్స్ దూరదృష్టితో, విస్తరణకు సిద్ధమైన సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్సులో చోటు సంపాదించాడు. ఆ కాన్ఫరెన్సు సౌత్ కరోలినాను కూడా చేర్చుకుని, సభ్యులను రెండు విభాగాలు చేసి, 1992లో విభాగ విజేతల మధ్య ఫైనల్ పోటీ పెట్టింది. టెలివిజన్‌కు అమ్ముకోగలిగిన కొత్త సరుకు అది. ఇక సౌత్‌వెస్ట్‌లో మిగిలిన ఎనిమిదీ టెక్సాస్‌వే. దేశవ్యాప్త ప్రసార సంస్థ దృష్టిలో ఎనిమిది జట్లున్నా ఒకే రాష్ట్రపు ప్రేక్షకులే ఉన్నారు కనుక, ఆ ఎనిమిదికీ కలిపి ఇవ్వడానికి బదులు అందులో రెండింటిని పట్టుకుంటే చాలునన్న లెక్క తేలిగ్గానే తేలింది.

ఆ లెక్క 1994 ఫిబ్రవరిలో అమలైంది. ఉత్తరాన ఉన్న బిగ్ ఎయిట్ కాన్ఫరెన్సుతో కలిసి బిగ్ 12 అనే పన్నెండు సభ్యుల కొత్త సంఘం ఏర్పరచాలని నిర్ణయమైంది. టెక్సాస్, టెక్సాస్ ఏ అండ్ ఎం, టెక్సాస్ టెక్, బేలర్‌లకు అందులో చోటు దక్కింది, రైస్, టీసీయూ, ఎస్‌ఎంయూ, హ్యూస్టన్‌లకు దక్కలేదు. మొదటి రెండింటి విషయంలో సందేహానికి తావు లేదు. తక్కిన రెండింటి ఎంపికలో రాష్ట్ర రాజకీయాల పాత్ర గురించి టెక్సాస్‌లో విస్తృతంగా చర్చ జరిగింది. నాటి లెఫ్టినెంట్ గవర్నర్ బాబ్ బులక్ టెక్సాస్ టెక్‌లోనూ బేలర్ న్యాయ కళాశాలలోనూ చదివినవాడు; గవర్నర్ ఆన్ రిచర్డ్స్ బేలర్ పట్టభద్రురాలు. శాసనసభ నిధుల మీద ఆధారపడిన రెండు పెద్ద విశ్వవిద్యాలయాలు బులక్ మాటను పెడచెవిన పెట్టగల స్థితిలో లేవు. ఎనభై ఏళ్ల సహవాసపు ముగింపులో ఎవరు ఉండాలి, ఎవరు పోవాలి అన్నది ఆటలో ప్రతిభను బట్టి గాని, చదువు ప్రమాణాలను బట్టి గాని తేలలేదు. రైస్ చదువులో ఆ ఎనిమిదింటిలోనూ అగ్రగణ్యమైనది, హ్యూస్టన్ రాష్ట్రంలోని అతి పెద్ద నగరపు ప్రభుత్వ విశ్వవిద్యాలయం. ఆ రెండు గుణాలూ అక్కరకు రాలేదు. విడిపోతున్నామని ప్రకటించిన ఆ ఏడాదే మైదానంలో ఒక విశేషం జరిగింది: శిక్ష వల్ల టెక్సాస్ ఏ అండ్ ఎం టైటిల్‌కు అనర్హమై ఉండగా, బేలర్, రైస్, టీసీయూ, టెక్సాస్, టెక్సాస్ టెక్ ఐదూ సమానంగా నిలిచి టైటిల్ పంచుకున్నాయి, రైస్ 1965 తరువాత తొలిసారి టెక్సాస్‌ను ఓడించింది. చివరి ఫుట్‌బాల్ పోటీలు 1995 డిసెంబరు 2న ముగిశాయి, ఆఖరి విజేత టెక్సాస్. తక్కిన క్రీడలు 1996 వసంతం వరకు సాగాయి.

వెలుపల మిగిలిన నాలుగింటికి వేర్వేరు దారులు పట్టాయి. రైస్, టీసీయూ, ఎస్‌ఎంయూ పదహారు సభ్యుల వెస్టర్న్ అథ్లెటిక్ కాన్ఫరెన్సులో చేరాయి. హవాయి దీవుల దాకా పరచుకున్న ఆ సంఘం మూడేళ్లకే, 1999లో, చీలిపోయింది. హ్యూస్టన్ మరో కొత్త సంఘమైన కాన్ఫరెన్స్ యూఎస్‌ఏలో చేరింది. టీసీయూ మూడు సంఘాలు మారి, 2011 జనవరి 1న రోజ్ బౌల్‌లో విస్కాన్సిన్‌ను ఓడించిన పరువుతో 2012లో బిగ్ 12లో ప్రవేశించింది. ఒకప్పుడు తనను వదిలి వెళ్లినవారి సరసనే అది మళ్లీ చోటు సంపాదించుకుంది. హ్యూస్టన్‌కు అదే అవకాశం 2023లో వచ్చింది. అప్పటికి టెక్సాస్ ఏ అండ్ ఎం 2012లోనే సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్సుకు వెళ్లిపోయింది. టెక్సాస్, ఓక్లహోమా 2024లో దాన్ని అనుసరించాయి. అదే ఏడాది ఎస్‌ఎంయూ, తొమ్మిదేళ్ల పాటు టెలివిజన్ రాబడిలో వాటా వదులుకోవడానికి ఒప్పుకుని, అట్లాంటిక్ తీరపు పేరు మోసే కాన్ఫరెన్సులో చేరింది. పసిఫిక్ తీరంలోని స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు కూడా ఆ ఏడాదే అందులో చేరాయి. టెక్సాస్‌కూ టెక్సాస్ ఏ అండ్ ఎంకూ మధ్య 1915 నుండి ఏటా జరిగి 2011తో ఆగిపోయిన ఆట 2024 నవంబరు 30న తిరిగి మొదలై, టెక్సాస్ 17–7తో గెలిచింది. టెక్సాస్, ఏ అండ్ ఎం, ఆర్కన్సా మూడూ నేడు మళ్లీ ఒకే కాన్ఫరెన్సులో ఉన్నాయి. అయితే దాని కార్యస్థానం అలబామా రాష్ట్రంలో ఉంది, అందులోని సభ్యులు పదహారు. రైస్ ఒక్కటి ఇప్పటికీ పెద్ద సంఘాల వెలుపలే ఉంది.

ఈ మార్పులు తెలుగువారికి పూర్తిగా పరాయి విషయం కాదు. డాలస్ చుట్టూ ఉన్న ఇర్వింగ్, ప్లానో, ఫ్రిస్కోల్లోనూ హ్యూస్టన్‌లోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఈ విశ్వవిద్యాలయాల్లోనే చదువుతున్నారు. అమెరికాలోని పలు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి కట్టే రుసుములో కొంత భాగం క్రీడా విభాగానికి చేరుతుంది కనుక, ఆట ఎన్నడూ చూడని విద్యార్థి కూడా జట్టు ప్రయాణ ఖర్చులో భాగస్వామే. లబ్బక్ దూరమన్న రోజుల నుండి, ఖండం ఈ కొస నుండి ఆ కొసకు విమానంలో వెళ్లి వాలీబాల్ ఆడి వచ్చే రోజుల దాకా జరిగిన ప్రయాణపు భారం ఆటగాళ్ల చదువు మీదా పడుతున్నది. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన రాజీ ఒప్పందం ప్రకారం విశ్వవిద్యాలయాలు తమ క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో సంస్థ చెల్లించగల గరిష్ఠ మొత్తం దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఎస్‌ఎంయూను రెండేళ్లు మూసివేయించిన 61,000 డాలర్లతో పోలిస్తే ఈ అంకె పరిమాణం అర్థమవుతుంది. ఆటగాడి శ్రమకు న్యాయమైన ప్రతిఫలం దక్కడం ఎన్నో ఏళ్ల కిందటే జరగవలసిన పని. కాని ఆ ప్రతిఫలాన్ని భరించలేని సంస్థలు ఏమవుతాయన్న సమస్యకు పరిష్కారం చూపే పొరుగువారి సంఘం ఇప్పుడు ఏదీ లేదు.

సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్సు పత్రాలు నేడు లబ్బక్‌లో, టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయపు ప్రత్యేక సేకరణల గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి; సభ్యత్వం కోసం అన్నేళ్లు నిరీక్షించిన సంస్థే చివరకు ఆ సంఘపు దస్తావేజులకు సంరక్షకురాలైంది. వాటి ఆధారంగా ఇంతవరకు వెలువడిన రచనల్లో అధిక భాగం ఫుట్‌బాల్ వీరులకే అంకితమయ్యాయి. మహిళల క్రీడలకు కాన్ఫరెన్సు పదమూడు పద్నాలుగేళ్లలో ఏమి చేసిందో, ప్రెయిరీ వ్యూ వంటి సంస్థల దస్తావేజులను వీటి పక్కన పెట్టి చదివితే ఒకే రాష్ట్రంలోని రెండు క్రీడా లోకాల ఆదాయ వ్యయాలు ఎలా కనిపిస్తాయో, ఆర్కన్సా విషయంలో ఆఖరి దశకంలో సభ్యుల మధ్య ఏ సంప్రదింపులు నడిచాయో పరిశోధించవలసిన పని చాలా మిగిలి ఉంది. వెస్ట్‌బ్రుక్, లెవాయస్‌ల తరం విద్యార్థుల్లో జీవించి ఉన్నవారి సాక్ష్యాన్ని సేకరించడం వీటన్నిటి కంటే ముందు జరగవలసినది.